నడక పైసలు వేరు, చదువు పైసలు వేరు: మా గుట్టలకు వచ్చే ట్రెక్కింగ్ బృందాలకు బహిరంగ లేఖ

శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి భువనగిరి, రాచకొండ, దేవరకొండ, ఖిల్లా ఘనపూర్, కోయిలకొండ, ఉమామహేశ్వరం వైపు వచ్చే ట్రెక్కింగ్ బృందాలకు, పేద పిల్లల చదువు కోసం నడక పెట్టాలని అనుకుంటున్న కంపెనీల ఉద్యోగులకు, కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లకు నమస్కారం.

మేము ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల గుట్టల మీద నడకలు నడిపించే వాళ్లం, ఆ గుట్టల కింది బడుల్లో పనిచేసే వాళ్లం. మీ పోస్టర్ల మీద ఈమధ్య ఒక వాక్యం తరచుగా చూస్తున్నాం: “ఖర్చులు పోను మిగిలిందంతా పేద పిల్లల చదువుకే.” ఆ మాట వెనక ఉన్న మంచి మనసు మాకు తెలుసు. అయినా ఆ వాక్యం దగ్గరే పని చెడుతోందని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాం. ఖర్చులు పోను ఎంత మిగులుతుందో నడక అయ్యేదాకా ఎవరికీ తెలియదు. పిల్ల మాత్రం జూన్‌లో బడికి పోవాలి. ఆమె చదువును మిగులు మీద ఆధారపెట్టకండి. ముందే తీసి పక్కన పెట్టండి.

లెక్క వేసి చూద్దాం. 20 మందితో ఒక నడక, మనిషికి 1,500 రూపాయలు అనుకుందాం. చేతికి వచ్చేది 30,000. మినీ బస్సు కిరాయి, టోల్, డ్రైవర్ బత్తా కలిపి 11,000. ముగ్గురు గైడ్లకు వెయ్యి చొప్పున 3,000. గైడ్లు, డ్రైవర్, నిర్వాహకుడితో కలిపి 25 మందికి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం తలకు 150 చొప్పున 3,750. ఫస్ట్ ఎయిడ్ సామాను, అదనపు నీళ్లు 1,250. గుట్ట కింద సిద్ధంగా నిలబడే జీపుకు 2,000. చిల్లర ఖర్చులు 1,000. మొత్తం 22,000 అయింది, 8,000 మిగిలాయి. ఇది 20 మందీ వస్తేనే. శనివారం రాత్రి ఐదుగురు రాలేమని మెసేజ్ పెట్టి పైసలు వాపసు తీసుకున్నారనుకోండి. వచ్చింది 22,500కు పడిపోతుంది. ఖర్చులో తగ్గేది ఆ ఐదుగురి తిండి 750 మాత్రమే. మిగిలేది 1,250. మనుషులు తగ్గారని బస్సు కిరాయి తగ్గదు, గైడు కూలీ తగ్గదు, జీపు తగ్గదు. కోత పడేది పిల్లల వాటా మీదనే. పావు వంతు మంది రాకపోతే పిల్లల పైసల్లో ఆరింట ఐదు వంతులకు పైనే పోయాయి.

అందుకని నమోదు ఫారంలోనే రెండు గళ్లు పెట్టండి. ఒకటి నడక ఖర్చు, రెండోది చదువు విరాళం. రద్దు చేసుకుంటే నడక ఖర్చు ఏ రోజు దాకా వాపసు ఇస్తారో రాయండి, విరాళం మాత్రం వాపసు ఉండదని అదే ఫారం మీద ముందే రాయండి. ఇది అడగడానికి మొహమాట పడతారు. పడనక్కరలేదు. పిల్లల చదువుకని ఇచ్చింది తన జ్వరం వల్ల వెనక్కి రావాలని కోరుకునే మనిషి మాకు తెలిసి అరుదు. వాపసు అడిగేది అది విరాళమని తెలియనప్పుడే.

ఇంకో మాట, బస్సు మానుకోండి. భువనగిరికి సికింద్రాబాద్ నుంచి రైలుంది, స్టేషన్ ఉన్న ఊళ్లోనే కోట. దేవరకొండకు, అచ్చంపేటకు ఆర్టీసీ బస్సులున్నాయి. ఎవరి టికెట్ వాళ్లు కొనుక్కుని గుట్ట కిందికి వస్తే భువనగిరి లెక్క ఇట్లా మారుతుంది: గైడ్లకు 3,000, ఒక పూట తిండికి 2,500, సామానుకు 1,250, మొత్తం 6,750. తలకు 350 సరిపోతుంది. మనిషి దగ్గర 1,000 తీసుకుంటే 650 నేరుగా చదువుకే, 20 మందికి 13,000. తక్కువ రుసుముతో ఎక్కువ పైసలు. పైగా ఐదుగురు రాకున్నా ఆ 13,000 అట్లాగే ఉంటుంది.

అయితే పెద్ద మొత్తం నడిచేవాళ్ల జేబులోంచి రాదు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్ల నుంచి వస్తుంది. ఒక్కొక్కరు ఐదుగురు బంధుమిత్రులను అడిగి, ఒక్కొక్కరు 500 ఇస్తే 20 మంది నడకకు 50,000 అవుతుంది. ఇక్కడ చాలా బృందాలు చేసే పొరపాటు, కిలోమీటరుకు ఇంత అని మాట తీసుకోవడం. నడక అయ్యాక ఆ మాటను గుర్తుచేస్తూ ఫోన్లు చేయాలి, సగం రావు. అంతకంటే పెద్ద చిక్కు గుట్ట మీద వస్తుంది. మోకాలు నొప్పి పుడుతున్నా, కళ్లు తిరుగుతున్నా, “ఇంకో రెండు కిలోమీటర్లు నడిస్తే పిల్లలకు ఇంకో వెయ్యి” అని మనిషి ఆగడు. ఆగాల్సిన చోట ఆగకుండా చేసే పద్ధతి మంచిది కాదు. మొత్తం ముందే ఖాయం చేసి, నడకకు ముందే తీసుకోండి. మధ్యలో వెనక్కి తిరిగినా పిల్లల పైసలు ఎక్కడికీ పోవని పొద్దున్నే అందరికీ చెప్పండి.

పైసలు సంస్థ ఖాతాలోకే రావాలి. నిర్వాహకుడి సొంత ఫోన్ నంబరుకు పంపించుకునే పద్ధతి మొదటి నడకకే ఆపేయండి. ఆయన ఇంటి కరెంటు బిల్లు, పిల్లల విరాళం ఒకే ఖాతాలో కలిస్తే మూడు నెలల తర్వాత విడదీయడం ఎవరి తరం కాదు, నిజాయితీపరుడు కూడా జవాబు చెప్పలేక నిలబడతాడు. సంస్థ పేరు మీద క్యూఆర్ కోడ్ తీసుకోండి. ఆ సాయంత్రమే ఫారంలోని పేర్లను బ్యాంకు ఎంట్రీలతో సరిచూసుకోండి. వసూలు చేసేది ఒకరు, లెక్క రాసేది ఇంకొకరు అయి ఉండాలి.

విరాళానికి పన్ను మినహాయింపు ఇప్పించే 80జి రసీదు గురించి తప్పుడు ఆశలు పెట్టకండి. తిండికి, గైడుకు, బస్సుకు ఇచ్చింది విరాళం కాదు, దానికి బదులుగా ఇచ్చిన మనిషి ఒక సేవ పొందాడు. రసీదు విరాళం గడిలోని మొత్తానికే రాయాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి 80జి అసలే ఉపయోగపడదు, ఇది పోస్టర్ వేసేవాళ్లు మరిచిపోతున్నారు. సంస్థ ఏటా మే 31 లోపు దాతల వివరాలు ఇన్‌కం ట్యాక్స్ శాఖకు దాఖలు చేసి, సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి పాన్ నంబరు కావాలి కాబట్టి నమోదు ఫారంలోనే అడగండి. మే నెలలో ఒక్కొక్కరి వెంటపడటం చాలా కష్టం.

అమెరికాలో ఉన్న అన్నో మేనమామో పంపే డాలర్ల సంగతి వేరు. ఆయన దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టు ఉండి, తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, నమోదున్న సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడానికి కూడా వీలు లేదు. ఆయన్ను పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగడంలో తప్పేమీ లేదు.

ఇక ఆ పైసలు దేనికి ఖర్చు కావాలో చూద్దాం. “స్కూల్ ఫీజులు కట్టండి” అని మీరు అడుగుతారు. సర్కారు బడిలో ఫీజు లేదు. పాఠ్య పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం బడిలోనే ఇస్తారు. గురుకులంలో వసతి కూడా ఉచితమే. పిల్లలు ఆగిపోయేది ఫీజు దగ్గర కాదు, ఫీజు చుట్టూ ఉండే చిన్న చిన్న ఖర్చుల దగ్గర, కాగితాల దగ్గర.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. కానీ తండా దాకా, నల్లమలలో చెంచుల గూడెమైన పెంట దాకా బస్సు రాదు. పెంట నుంచి రోడ్డు దాకా ఆటోకో, జీపుకో ఇవ్వాల్సింది మిగిలే ఉంది. మగపిల్లలకు పై తరగతుల్లో బస్సు పాస్ తీయాలి. ఐదో తరగతి దాకా ఊళ్లో చదివి ఆరుకు బయటికి పోవాల్సి వచ్చినప్పుడు ఒకసారి, పది అయ్యాక ఇంకోసారి పిల్లలు జారిపోతారు. మీ పైసలు ఈ రెండు చోట్ల నిలబడాలి.

గురుకులంలోనో ఆశ్రమ పాఠశాలలోనో సీటు వచ్చిన పిల్లకు జూన్‌లో మొదట కావాల్సింది రేకు పెట్టె. దుప్పటి, బకెట్, మగ్గు, రెండు జతల ఇంటి బట్టలు, సబ్బులు, నూనె, నోటు పుస్తకాలు ఆ పెట్టె చుట్టే. పెట్టె కొనేవాళ్లు తాళం మరిచిపోతారు. తాళానికి చెవులు రెండుండాలి, ఒకటి పిల్ల మెడలో దారానికి, ఇంకోటి వార్డెన్ దగ్గర. ఒక్కటే ఉంటే అది ఆటలో పడిపోతుంది, తాళం పగలగొడతారు, ఆ తర్వాత ఆ పెట్టెకు తాళమే ఉండదు. వారంలో సబ్బు పోతుంది, నెలలో నోటు పుస్తకాలు పోతాయి, దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్ల మళ్లీ పోనంటుంది. పెట్టె మూత లోపలి వైపు పేరు, తరగతి పెయింట్‌తో రాయించండి. స్టిక్కర్ అంటిస్తే వానాకాలం దాటదు.

దీనికంటే తక్కువ కనిపించి ఎక్కువ ఆపేది సర్టిఫికెట్ల పని. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక అక్షరం తేడాతో ఇంకో పేరు, పుట్టిన తేదీ ఇంకొకటి ఉంటాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీయాలి, స్కాలర్‌షిప్‌కు బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు ఆధార్ కలవాలి. ఒక్కో దానికి రుసుము కొద్దిగానే ఉంటుంది. కానీ మండల కేంద్రానికి నాలుగు సార్లు తిరగాలంటే తల్లికి నాలుగు రోజుల కూలీ పోతుంది. రెండో సారికే వదిలేస్తారు. 10,000 రూపాయలుంటే 400 చొప్పున 25 మందికి బ్యాగులు కొనవచ్చు, ఫొటో బాగా వస్తుంది. మమ్మల్ని అడిగితే ఆ పైసలతో చదువుకున్న స్థానిక యువతికి మే నెలంతా బత్తా ఇచ్చి, పది పూర్తిచేసిన పిల్లల కాగితాలన్నీ సరిచేయించమంటాం. బ్యాగు లేకున్నా పిల్లవాడు ఇంటర్‌లో చేరతాడు. కుల సర్టిఫికెట్ లేకుంటే స్కాలర్‌షిప్ రాదు.

డిగ్రీకి పోయిన వాళ్ల చిక్కు ఇంకోలా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కొన్ని ప్రైవేటు కాలేజీలు టీసీ, మెమోలు ఆపి పెట్టుకుంటాయి. పీజీలోనో, ఉద్యోగంలోనో చేరే గడువు దాటిపోతుంది. అట్లాంటి వాళ్లకు విరాళం కంటే చేబదులు మేలు. కాలేజీకి నేరుగా కట్టి సర్టిఫికెట్లు విడిపించండి, రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పుడు ఆ మొత్తం నిధికి తిరిగి రావాలని కాలేజీ దగ్గరా, విద్యార్థి దగ్గరా కాగితం మీద రాయించుకోండి. అదే పైసలు వచ్చే ఏడాది ఇంకొకరికి పనికొస్తాయి.

తేదీల పొంతన చూడండి. మీ నడకలు అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా సాగుతాయి. బడి తెరిచేది జూన్ 12న. మధ్యలో నాలుగు నెలలు ఆ పైసలు ఖాతాలో ఊరికే ఉండాలి. ఊరికే ఉన్న పైసలే సంస్థలకు ప్రమాదం. మార్చిలో ఆఫీసు అద్దె వస్తుంది, ఏప్రిల్‌లో టెంట్లు కొనాలనిపిస్తుంది, “జూన్‌లో పెట్టేద్దాం” అనుకుంటారు. చదువు నిధిని వేరే ఖాతాలో ఉంచి, తీయడానికి ఇద్దరి సంతకాలు పెట్టండి. వీలైతే మే నెలాఖరుకు తీరే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఐదింట ఒక వంతు మాత్రం నవంబర్‌కు చేతిలో ఉంచుకోండి. మా దగ్గర అవి పత్తి ఏరే రోజులు. దసరా సెలవులకు వచ్చిన పిల్లలు చేన్లలోనే ఉండిపోతారు. తల్లిదండ్రులు వలసపోతూ అవ్వ దగ్గర వదిలిన పిల్లలకు బియ్యం, పప్పు కావాల్సింది అప్పుడే. జూన్‌లో ఎంత ఇచ్చినా నవంబర్‌లో బడి మానిన పిల్ల వెనక్కి రాదు.

ఇప్పుడు గుట్టల మాట. దీన్ని ఈ లేఖలో ఎందుకు రాస్తున్నామంటే, ఒక్క ప్రమాదం జరిగితే ఆ ఏడాది నిధి దవాఖాన ఖర్చులకే పోతుంది, ఆ తర్వాతి ఏడాది ఎవరూ రారు.

భువనగిరి కోట ఉన్న గుట్ట ఏకశిల. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో త్రిభువనగిరి అయింది. 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లు రాయి ఎక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదనే. పిల్లల చదువు కోసం నడవడానికి ఇంతకంటే తగిన చోటు మా ఎరికలో లేదు. అయితే ఈ బండ ఎక్కడం కంటే దిగడం కష్టం. రాయి మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. వాన నీళ్లు జారే దారులవి. ఎండలో గరుకుగానే ఉంటాయి, నాలుగు చినుకులు పడితే ఆ చారల మీది పాచి సబ్బులా మారుతుంది. చార పక్కన ఉన్న లేత రంగు రాయి మీద పాదం మొత్తం ఆనించి నడవాలి. భయపడిన మనిషి వెనక్కి వాలి మడమల మీద దిగుతాడు, మడమే మొదట జారుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదాల మీద ఉంచి, వాలు ఎక్కువున్న చోట పక్కకు తిరిగి దిగాలి. నున్నగా అరిగిన అడుగున్న బూట్లతో వచ్చిన వాళ్లను మెట్ల దారి వరకే పంపండి. ముందురోజు వాన పడితే నడక వాయిదా వేయండి. విరాళం ముందే వచ్చేసింది కాబట్టి వాయిదా వేసినా నిధికి నష్టం లేదు, రెండు గళ్ల పద్ధతిలో ఇంకో మేలు ఇదే.

పొద్దున 6.30కల్లా మొదలుపెట్టి, 10.30 లోపు కిందికి రండి. ఆ తర్వాత బండ కింది నుంచి కాలుతుంది, పైనుంచి ఎండ. నవంబర్ నుంచి జనవరి దాకా పూట నడకకు మనిషికి 2 లీటర్లు, ఫిబ్రవరిలో 3 లీటర్లు. గైడ్ల దగ్గర అదనంగా 10 లీటర్లు. సగం నీళ్లు అయిపోయాయంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది పెట్టుకోండి, ఒక ప్యాకెట్ ఒక లీటరుకు. అర లీటరు బాటిల్‌లో మొత్తం ప్యాకెట్ వంపేస్తారు, అది చిక్కబడి దాహం పెంచుతుంది, కడుపులో తిప్పుతుంది.

రాచకొండలో, దేవరకొండలో, పాలమూరు గుట్టల్లో రాతి చూరుల కింద పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి. దూరం నుంచి నల్లటి బుట్ట వేలాడినట్టు కనిపిస్తుంది. గైడు ముందురోజు దారి చూసి వచ్చి ఏ చూరు కింద పట్టు ఉందో చెప్పాలి, దారి మార్చాలి. సెంట్లు వద్దు, పొగ వద్దు, అరుపులు వద్దు, డ్రోన్ అసలే వద్దు. ఈగలు లేచాయంటే ముఖం, మెడ బట్టతో కప్పుకుని, చేతులు ఊపకుండా, వచ్చిన దారినే వేగంగా దూరం పోవాలి. రాతి అంచు పక్కన పరుగెత్తితే ఈగ కంటే పడిపోవడమే ఎక్కువ ప్రమాదం. ముల్లు వెంటనే గోరుతో గీకి తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా 108కి ఫోన్ చేయాలి, ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. పాము కరిచినా అంతే. కోయొద్దు, కట్టు బిగించొద్దు, కాలు కదలకుండా మోసుకుని విషం విరుగుడు మందున్న సర్కారు దవాఖానకు చేర్చాలి. నడకకు ముందురోజే దగ్గరి ఏరియా దవాఖానకు ఫోన్ చేసి ఆ మందు ఉందో లేదో అడిగి రాసుకోండి. సీతాఫలాలు పండే రోజుల్లో ఎలుగుబంట్లు ఆ పొదల్లోనే ఉంటాయి, తెల్లవారక ముందు నడవకండి.

20 మందికి ముగ్గురు గైడ్లు ఉండాలి. ముందు ఒకరు, మధ్యలో ఒకరు, అందరికంటే వెనక ఒకరు. ఆ చివరి గైడు కంటే వెనక ఎవరూ ఉండకూడదు. దారి చీలిన ప్రతి చోటా తలలు లెక్కపెట్టాలి. నల్లమలలో చాలా చోట్ల సిగ్నల్ దొరకదు కాబట్టి, “ఒంటిగంటకల్లా నా నుంచి ఫోన్ రాకపోతే వెతకండి” అని కింద ఒక మనిషికి చెప్పి పోవాలి.

నల్లమలకు వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం. మంచి పనికి వచ్చామన్నది అనుమతి కాదు. అటవీ శాఖ తెరిచిన దారుల్లోనే, ఆ శాఖ పెట్టిన గైడ్లతోనే పోండి. శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు ఆపేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి పొద్దున్నే నడక మొదలుపెట్టాలనుకుంటే లెక్క తప్పుతుంది, ముందు రాత్రి మన్ననూరులోనో అచ్చంపేటలోనో ఉండండి. సలేశ్వరం దారి చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే తెరుస్తారు. అది మొక్కులకు వచ్చే జనం దారి, అప్పుడు నిధుల నడక పెట్టి రద్దీ పెంచకండి. అభయారణ్యంలో ప్లాస్టిక్ నిషేధం ఉంది, స్టీలు బాటిళ్లు, స్టీలు పళ్లాలు తెచ్చుకోండి. భోజనం ఊళ్లోని మహిళా సంఘంతో వండించండి. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు చాలు. ఎంతమందో శుక్రవారం సాయంత్రానికే చెప్పి, సగం పైసలు ముందే ఇవ్వండి.

గైడ్ల కూలీ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. “ఇది సేవా కార్యక్రమం కదా, మీరు కూడా ఒక రోజు ఉచితంగా రండి” అని అడుగుతున్నారు. దయచేసి అడగకండి. ఆ చెంచు యువకుడి తమ్ముడు, చెల్లెలే మీరు చదివించాలనుకుంటున్న పిల్లలు. అన్నకు వెయ్యి రూపాయలు ఆ రోజే చేతికిస్తే ఆ ఇంటి పిల్ల చదువుకు అది మొదటి సాయం. ఆయన కూలీ ఎగ్గొట్టి, అదే పైసలను విరాళంగా ఆ ఇంటికే తెచ్చి ఇవ్వడం న్యాయం కాదు. నడక రద్దయితే, ముందురోజు దారి చూసి వచ్చినందుకైనా సగం కూలీ ఇవ్వాలి.

పిల్లలను గుట్ట కిందికి పిలిపించి వరుసలో నిలబెట్టవద్దు. వాళ్లు మీకు దండలు వేయవద్దు, పాట పాడవద్దు. పెట్టెలు, పుస్తకాలు బడిలో ప్రధానోపాధ్యాయుల చేతుల మీదుగా, ఎవరికి ఎవరిచ్చారో తెలియకుండా అందితే చాలు. తరగతిలో “పేదపిల్ల” అని ముద్రపడిన పిల్ల ఆ పెట్టెను హాస్టల్‌కు తీసుకుపోవడానికి సిగ్గుపడుతుంది. దాతలకు చూపించడానికి ఫొటో కావాలంటే పేర్చిన పెట్టెలకు తీయండి, బిల్లులకు తీయండి. పిల్లల ముఖాలు, పేర్లు, ఊళ్లు వద్దు.

లెక్క మాత్రం బాగా బయట పెట్టండి. ఒక్క కాగితం చాలు: ఎంతమంది నడిచారు, నడక ఖర్చు ఎంత, విరాళం ఎంత, నవంబర్‌లో ఎంత ఖర్చయింది, జూన్‌లో ఎంత, ఏ వస్తువు ఎన్ని, ఖాతాలో ఎంత ఉంది. దాన్ని దాతలకు పంపండి, ఒక ప్రతి బడి నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులు దాన్ని చదువుతారు, 30 పెట్టెలని రాసి 27 వస్తే వాళ్లే అడుగుతారు. అట్లా అడగడం మీకు మంచిదే.

ఈ చలికాలం నడక పెట్టాలని ఉంటే తేదీ అనుకునే ముందు ఆగస్టులో ఒక పనిదినం రోజు మా దగ్గరి ఏదైనా ఒక సర్కారు బడికి రండి. పోయిన ఏడాది రిజిస్టరులో పేరుండి ఈ జూన్‌లో రాని పిల్లలు ఎంతమంది, ఒక్కొక్కరు ఏ కారణంతో ఆగారు అని ప్రధానోపాధ్యాయులను అడగండి. పేర్లు మీకు అక్కరలేదు, సంఖ్య, కారణం చాలు. ఆటో దొరకక ఎందరు, కాగితాలు లేక ఎందరు, పత్తి చేను వల్ల ఎందరు అని రాసిన ఆ కాగితం చేతిలో పట్టుకుని, దానికి ఎంత కావాలో కూడి, ఆ మొత్తాన్ని నడిచేవాళ్ల సంఖ్యతో భాగించండి. విరాళం గడిలో రాయాల్సిన అంకె అదే. పోస్టర్ ఆ తర్వాత వేయండి. దారి చూపించడానికి మేమున్నాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నడక గైడ్లు, బడి వాలంటీర్లు